రెండో పిట్ట

ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనే మాట మన నోట్లో నానుతూనే ఉంటుంది. పెళ్లికని ఊరెళ్లి, పనిలో పనిగా కౌలు డబ్బులు కూడా వసూలు చేసుకొస్తే ఆ మాటే అంటాం. పిల్లల సెలవులూ ఆఫీసు పనీ ఒకే ప్రయాణంలో కలిసొచ్చినా అదే మాట. నిజంగా తుపాకీ పట్టుకుని పిట్టల వెంట తిరిగేవాళ్లు మాత్రం దీన్ని ఇంత తేలిగ్గా అనరు. అమెరికా దక్షిణాదిన, జార్జియా, ఫ్లోరిడా సరిహద్దులో థామస్‌విల్, టాలహాసీ ఊళ్ల మధ్య పరుచుకున్న పైన్ అడవుల్లో బాబ్‌వైట్ అనే పిట్టను వేటాడే సంప్రదాయం వందేళ్లకు పైగా సాగుతోంది. వేటగాడి చేతిలో రెండు గొట్టాల తుపాకీ, అందులో రెండు తూటాలు. ఎదురుగా పది పదిహేను పిట్టలు ఒక్కసారే లేస్తాయి. లెక్క ప్రకారం రెండు తూటాలకు రెండు పిట్టలు పడాలి. అలా పడితే వాళ్లు దాన్ని ‘డబుల్’ అంటారు, పదిమందికీ చెప్పుకుంటారు. చాలాసార్లు పడేది ఒకటే. అన్ని పిట్టలు కళ్లముందే ఎగురుతుండగా రెండు తూటాలూ గాలిలో కలిసిపోవడం కూడా అక్కడ కొత్తేమీ కాదు. ఒంటరిగా లేచిన పిట్టను కొట్టగలిగిన మనిషే గుంపు లేచేసరికి ఎందుకు తప్పుతున్నాడు? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

వేటను మెచ్చుకోవడానికి ఇది రాయడం లేదని ముందే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదాకు అడవి పిట్టను కొట్టడం నేరం. అది న్యాయమే. అమెరికాలో లైసెన్సు, వేటకాలం, రోజుకు ఇన్నే అనే హద్దు పెట్టి అనుమతిస్తారు. జార్జియాలో మనిషికి రోజుకు 12 బాబ్‌వైట్‌లు దాటకూడదు. ఆ హద్దుల మంచిచెడ్డలు వేరే చర్చ. మన దృష్టి ఎక్కడ చీలుతుందో, చీలినందుకు ఏం పోగొట్టుకుంటామో రెండు మూడు సెకన్లలో తేలిపోయే చోటు ఇంకొకటి దొరకడం కష్టం కాబట్టి ఈ ఉదాహరణ తీసుకున్నాను. ఆఫీసులో, చదువులో, సంసారంలో ఇదే తప్పు జరిగినప్పుడు ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది. అప్పటికి కారణం మరిచిపోయి ఉంటాం.

బాబ్‌వైట్‌కు మన కంజు పిట్టతో దగ్గరి పోలిక ఉంది. గోధుమరంగు మచ్చల ఒళ్లు, పొట్టి తోక, బరువు 170 గ్రాములకు అటూ ఇటూ. హెర్బర్ట్ స్టోడార్డ్ అనే పరిశోధకుడు 1931లో ఈ పిట్ట గురించి ప్రచురించిన పెద్ద గ్రంథాన్ని ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు. ఇవి గుంపుగా బతుకుతాయి. చలిరాత్రుల్లో నేలమీద గుండ్రంగా, తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టి ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. రాత్రి ఏ నక్క వచ్చినా ప్రతి పిట్టకూ తన ఎదుట ఖాళీ దారి ఉంటుంది. పగలు అపాయం పసిగట్టాయంటే గడ్డిలో నేలకు అతుక్కుపోతాయి. వాసన పట్టిన వేటకుక్క ముక్కు చాచి, ఒక కాలు పైకెత్తి బొమ్మలా నిలబడిపోతుంది. వేటగాడికి అక్కడ గడ్డి తప్ప ఏమీ కనబడదు. ఇంకో అడుగు వేస్తాడు. మోకాలి ముందు నేల పేలినట్టవుతుంది. ఎడమకు మూడు, కుడికి నాలుగు, ఎదురుగా అయిదారు, ఒకటి చెవి పక్కనుంచే వెనక్కి. రెక్కల చప్పుడుకే గుండె ఝల్లుమంటుంది. గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగంతో పోయే ఈ పిట్ట తుపాకీ అందే దూరం దాటిపోవడానికి రెండు మూడు సెకన్లు చాలు. తుపాకీ భుజానికెత్తడం, చూపు నిలపడం, మీట నొక్కడం, అన్నీ ఆ లోపే జరగాలి.

మన పెద్దలు చెప్పిన కథలో ద్రోణుడు చెట్టుమీద ఒక్క బొమ్మపిట్టను పెట్టాడు. అర్జునుడికి దాని తల తప్ప ఇంకేదీ కనబడలేదు. వ్యక్తిత్వ వికాసం గురించి రాసే ప్రతివాళ్లూ ఆ కథ చెబుతారు. గొప్ప కథే. కానీ ఆ పిట్ట కదలదు, దానికి పోటీగా ఇంకో పిట్ట లేదు, దేన్ని కొట్టాలో గురువు ముందే చెప్పేశాడు. మన రోజుల్లో వచ్చే కష్టం అది కాదు. పదిహేను ఒకేసారి లేస్తాయి, దేన్ని కొట్టాలో ఎవరూ చెప్పరు. గురి కుదిరే ముందే ఎంపిక జరిగిపోవాలి, అసలు తడబాటంతా అక్కడే.

ఎంపికకు సమయం పడుతుంది. బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ పరిశోధకుడు విలియం హిక్ 1952లో దీన్ని కొలిచి చూపించాడు. ఎదుట ఉన్న ప్రత్యామ్నాయాలు పెరిగేకొద్దీ మనిషి స్పందించడానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది. ఒక్కటే ఉంటే చేయి తనంతట తాను లేస్తుంది. ఎనిమిది ఉంటే మెదడు ముందు వాటిని వడగట్టుకోవాలి. దీన్ని మనుషుల బలహీనత అనుకోనక్కర్లేదు, వేటాడే జంతువులవీ ఇవే పాట్లు. లాండో, టెర్బార్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో బాస్ అనే వేటచేప ముందు చిన్నచేపలను వదిలి చూశారు. ఒంటరి చేపను అది ఇట్టే పట్టేసింది. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఆలస్యమైంది, చివరికి ఏదీ పట్టలేక ఆగిపోయింది. ఆహారం పెరిగితే పట్టడం సులువు కావాలి కదా, జరిగింది అందుకు పూర్తిగా ఎదురు. అదే ప్రయోగంలో ఎనిమిది చేపల గుంపులో ఒకటి రెండింటికి నీలిరంగు వేసి వదిలితే బాస్ మళ్లీ పట్టగలిగింది. చూపు నిలవడానికి ఒక గుర్తు దొరికింది. గుంపుగా బతికే ప్రాణులకు గుంపే రక్షణ కావడానికి ఇదొక కారణమని జీవశాస్త్రజ్ఞులు చెబుతారు. బాబ్‌వైట్‌లు అన్నీ ఒక్కసారే లేవడం వేటగాడి అదృష్టమని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి అది పిట్టల కవచం.

ఈ కవచం ఎదుట కొత్తగా వచ్చినవాడు చేసే మొదటి పొరపాటు గుంపు మధ్యలోకి కాల్చడం. ఇన్ని ఉన్నాయి కదా, ఏదో ఒకటి తగలకపోతుందా అనే ఆశ. లెక్క వేసి చూద్దాం. ఇలాంటి వేటకు వాడే చిన్న తూటాలో ఆవగింజంత సీసపు గుళ్లు సుమారు మూడొందల యాభై ఉంటాయి. ఇరవై మీటర్ల దూరాన అవి మీటరులోపు వెడల్పున పరుచుకుంటాయి. పిట్టలేమో ఆపాటికి పది మీటర్లకు పైగా వెడల్పున చెదిరి ఉంటాయి, ఒక్కోదాని ఒళ్లు పిడికిలంత. మధ్యలో ఉన్నదంతా ఖాళీ ఆకాశమే. కంటికి గుంపులా కనిపించేది తుపాకీకి గుంపు కాదు. ఒకవేళ తగిలినా ఒకటి రెండు గుళ్లు రెక్కకో కాలికో తగిలి, పిట్ట అల్లంత దూరం పోయి ఎవరికీ దొరకకుండా చస్తుంది. 1960ల తర్వాత బాబ్‌వైట్‌ల సంఖ్య అమెరికాలో దారుణంగా పడిపోయింది. సాగు పద్ధతులు మారి పొదలు, గట్టు గడ్డి మాయమవడం దానికి పెద్ద కారణం. అలాంటి పిట్టను గుడ్డిగా గాయపరచడం అక్కడి మంచి వేటగాళ్లకు సిగ్గుచేటు.

రెండో పొరపాటు ఇంతకంటే సూక్ష్మమైనది, అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసేది. వాళ్లు గుంపులోకి కాల్చరు, ఒక పిట్టనే ఎంచుకుంటారు. కానీ మీట నొక్కబోయే క్షణంలో పక్కన ఇంకో పిట్ట బాగా అందుబాటులో కనబడుతుంది. మొదటిది పడినట్టే అని మనసు ముందే లెక్క రాసేస్తుంది. చెంప తుపాకీ మడమ మీద నుంచి వెంట్రుకవాసి లేస్తుంది, చూపు రెండోదానిమీదికి మళ్లుతుంది, చేతులు చూపు వెంట పోతాయి. మొదటి తూటా మొదటి పిట్ట వెనకనుంచి పోతుంది. ఇక రెండోదానికి గురి కుదిరేలోపు అది పైన్ చెట్ల చాటుకు వెళ్లిపోయి ఉంటుంది. రెండూ పోయాయి. పోవడానికి కారణం రెండో గురిలో లేదు, మొదటి పిట్ట ఇంకా పడకముందే దాన్ని పడినట్టు లెక్కేసుకోవడంలో ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: మనం రెండో పనిని అందుకోలేక ఓడిపోవడం తక్కువ, రెండో పనివైపు చూసి మొదటి పనిని పాడుచేసుకోవడం ఎక్కువ.

దీనికి ప్రయోగశాల సాక్ష్యమూ ఉంది. చార్లెస్ టెల్‌ఫర్డ్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1931లోనే గమనించాడు: ఒక సంకేతానికి స్పందించిన వెంటనే ఇంకో సంకేతం వస్తే మనిషి రెండోదానికి మామూలుకంటే ఆలస్యంగా స్పందిస్తాడు. మొదటి నిర్ణయం తెమిలేదాకా రెండోది మెదడు గుమ్మం బయట వరసలో నిలబడాల్సిందే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో రకాలుగా పరీక్షించారు, ఆ వరస పోలేదు. పనిచేసే చోట ఇదే విషయాన్ని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో వేరే కోణంలో చూపించింది. ఒక పని పూర్తికాకుండా ఇంకోదానికి మారినవాళ్ల మనసులో పాతపని తాలూకు శేషం మిగిలి ఉంటుంది, దానివల్ల కొత్తపనిలో నాణ్యత పడిపోతుంది. సెకనులో పదోవంతు లెక్క ఒకచోట, గంటల లెక్క ఇంకోచోట. రెండింటిలోనూ ముగియని మొదటిదే రెండోదాన్ని పట్టుకుని వెనక్కి లాగుతోంది.

ముగియడం అంటే ఏమిటో కూడా వేటగాళ్ల దగ్గరే స్పష్టంగా తెలుస్తుంది. పిట్ట గాలిలో తలకిందులైతే పని అయిపోయినట్టు కాదు. ఎండుగడ్డి రంగూ దాని రంగూ ఒకటే. పడిన చోటును కంటితో పట్టుకుని, ఫలానా మొద్దుకు కుడివైపు, ఫలానా పొదకు రెండు బారల ఇవతల అని గుర్తు పెట్టుకోవాలి. రెక్క మాత్రమే విరిగిన పిట్ట పడిన చోట ఉండదు, గడ్డి కిందనుంచి పరుగు తీస్తుంది. అందుకే తెలిసినవాళ్ల మాట ఒకటుంది: రెండో తూటా మీద మొదటి హక్కు మొదటి పిట్టదే. అది సరిగ్గా పడలేదనిపిస్తే రెండో తూటా దానికే ఖర్చుపెట్టాలి. డబుల్ కోసం చూపు తిప్పినవాడు రెండో పిట్టనూ పడగొట్టి, తీరా వెతకబోతే మొదటిది ఎక్కడ పడిందో తెలియక అరగంట కుక్కతో తిరుగుతాడు. కొన్నిసార్లు అది దొరకనే దొరకదు. పడగొట్టినవి రెండు, చేతికొచ్చింది ఒకటి. మన పనుల్లో ఇలాంటివి ఎన్ని! ఇల్లు కట్టడం అయిపోయిందని వేరే పనిలో పడతాం, మ్యుటేషన్ కాగితం మాత్రం మునిసిపాలిటీలోనే ఉండిపోతుంది. పరీక్ష పాసవుతాం, సర్టిఫికెట్ తెచ్చుకోం. కోర్సు ఫీజు కట్టి ముప్పావు వంతు చదివి, ఇక వచ్చేసినట్టే అనుకుని ఇంకో కోర్సు మొదలుపెడతాం.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి వస్తుంది. నేర్పు ఉన్నవాళ్లు రెండు కొడుతున్నారు కదా? కొడుతున్నారు. అంతెందుకు, ఒకేసారి గాలిలోకి లేచే రెండు మట్టిపలకలను పగలగొట్టే డబుల్ ట్రాప్ 1996 నుంచి 2016 దాకా ఒలింపిక్ క్రీడగా ఉంది. 2004 ఏథెన్స్‌లో మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 200 పలకల్లో 179 పగలగొట్టి వెండి పతకం తెచ్చాడు. అయితే ఆ ఆట ఎలా ఆడతారో చూడాలి. పలకలు ఏ కోణంలో, ఎంత ఎత్తున వస్తాయో నిబంధనల్లోనే ఉంటుంది. షూటర్ తయారై పిలిచాకే అవి లేస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వేల తూటాల సాధనలో ఎప్పుడో స్థిరపడిపోయింది. స్కీట్ అనే ఆటలోనూ అంతే. 1920 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని ఆండోవర్ దగ్గర, గ్రౌస్ అనే అడవిపిట్ట వేటకు సాధనగా అది పుట్టింది. ఇప్పుడు అమెరికా పద్ధతి స్కీట్‌లో ఒక రౌండుకు 25 తూటాలు, అందులో ఎనిమిది మాత్రమే జంట పలకలకు. ఆ జంటల్లో కూడా దూరంగా పోయేదాన్ని ముందు, ఎదురొచ్చేదాన్ని తర్వాత కొట్టాలనే క్రమం ఉంది. కాబట్టి ఛాంపియన్ చేసేదాన్ని రెండు పనులు ఒకేసారి చేయడం అనలేం. ముందే తెలిసిన రెండు పనులను తేడా రాకుండా ఒకదాని తర్వాత ఒకటి చేస్తున్నాడు. అడవిపిట్ట ఆ సౌకర్యం ఇవ్వదు. జీవితంలో ముఖ్యమైన అవకాశాలూ ఇవ్వవు.

వంటింట్లో ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద తాలింపు, పక్కన పిల్లల లంచ్ బాక్సు సర్దుతూ ఫోన్‌లో మాట్లాడే తల్లిని చూపించి, ఈమె సంగతేమిటి అని అడగవచ్చు. గౌరవించాల్సిన నేర్పు అది. ఆ పనుల దారులన్నీ ఆమెకు ఏళ్లుగా తెలుసు, కుక్కర్ ఎన్ని కూతలకు దించాలో ఆలోచించక్కర్లేదు. అదే తల్లి బ్యాంకు నుంచి వచ్చిన కొత్త కాగితం చదవాల్సి వస్తే స్టవ్ కట్టేస్తుంది. ఎక్కడ ఆలోచన అక్కర్లేదో, ఎక్కడ మొత్తం మనసు పెట్టాలో ఆమెకు తెలుసు. మన గొడవంతా ఆ తేడా మరిచిపోయి, కొత్త కాగితాలను కూడా తాలింపు వేస్తూ చదవబోవడంతోనే.

మిగతావి ఎగిరిపోతాయే అన్నది అసలు భయం. మనల్ని తడబాటుకు గురిచేసేది అదే కాబట్టి దీనికి సూటిగా జవాబు చెప్పాలి. బాబ్‌వైట్‌లు లేచి మాయమైపోవు. కొన్ని వందల మీటర్లు పోయి పొదల్లో ఒక్కొక్కటిగా దిగుతాయి. ఓపిక ఉన్నవాడు మొదటి పిట్టను చేతికి తీసుకున్నాక, కుక్కను ఆ వైపు నడిపించి వాటిని విడివిడిగా లేపుతాడు. ఒక్కొక్కటే లేస్తుంది కనుక అప్పుడు గురి సులువు. గుంపును చూసి కంగారుపడ్డవాడికి మాత్రం అవి ఏ వైపు వెళ్లాయో కూడా గుర్తుండదు. హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ భయం రోజూ తెలుసు. గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు, రైల్వే, ఎస్సై, వరసగా నోటిఫికేషన్లు పడతాయి. అన్నింటికీ అప్లై చేయడంలో తప్పులేదు, ఫారం నింపడానికి గంట చాలు. తప్పల్లా నెలకో సిలబస్‌కు మారడంలో ఉంది. ఈ ఏడాది వదిలిన పరీక్ష కొన్నిసార్లు ఏళ్లదాకా రాదన్నది నిజమే, వయసు మించిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు ఆ ఆందోళన న్యాయమైనదే. అలాంటివాళ్లు ఆ ఒక్కదాన్నే మొదటి పిట్టగా పెట్టుకోవాలి. అది ఎంపికకు బలమైన ఆధారం. అన్నింటి మధ్యకూ కాల్చడానికి అది సాకు కాకూడదు.

ఎంపిక ఎలా చేయాలన్నదానికి ఆ పైన్ అడవుల పద్ధతే మంచి సమాధానం. అక్కడ ఇద్దరు నడుస్తుంటే ఎడమవైపు మనిషి ఎడమకు పోయే పిట్టలనే చూస్తాడు, కుడివైపు మనిషి కుడికి పోయేవాటినే. కుక్కలకు, మనుషులకు తగలకుండా ఉండేందుకు, వెనక ఆకాశం కనిపించని కింది పిట్ట మీదికి తుపాకీ ఎత్తకూడదు. గుంపు నడుమ ఉన్నదాన్ని వదిలి అంచున విడిగా పోయేదాన్ని పట్టుకోమంటారు. ఈ నియమాలు పిట్టలు లేవకముందే పెట్టుకున్నవి. లేచాక పదిహేను కనబడ్డా వీటివల్ల ఎంచుకోవాల్సినవి రెండు మూడుకు తగ్గిపోతాయి. పీటర్ గోల్విట్జర్ 1990లలో ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే తీర్మానించుకోవడం మీద చేసిన పరిశోధన చెప్పేదీ ఇదే. సందర్భం ఎదురవగానే చేయాల్సిందేమిటో ముందే ముడివేసి పెట్టుకున్నవాళ్లు, ఊరికే మంచి సంకల్పం చెప్పుకున్నవాళ్లకంటే ఎక్కువగా పని పూర్తిచేస్తారు. ఒత్తిడిలో బుద్ధి చురుగ్గా ఉండాలని కోరుకోవడం కంటే, బుద్ధితో పని లేకుండా ముందే నిర్ణయం చేసిపెట్టుకోవడం మేలు.

అందుకని ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం తీసుకోండి. రేపు మీమీదికి లేచే పనులు ఏమిటో మీకు చాలావరకు తెలుసు. వాటిలో మీ వైపువి కానివి కొట్టేయండి. మీరు ఏమరితే ఇంకొకరికి నష్టం తెచ్చేవాటిని పక్కన పెట్టండి, వాటికి వేరే సమయం ఉండాలి. మిగిలినవాటిలో అంచున విడిగా, స్పష్టంగా కనబడే ఒకదాని పేరు రాసుకోండి. దానికి ఎదురుగా, ఏది చేతికొస్తే అది ముగిసినట్టో కూడా రాయండి: రశీదు, సంతకం, పంపిన మెయిల్, మూసిన పుస్తకం. రేపు ఆ వస్తువు మీ చేతిలో పడేదాకా ఫోన్ తెర మీద ఏది రెక్కలు కొట్టుకుంటూ లేచినా తల ఎత్తకండి.